ఎత్తి పెట్టిన గుళ్లను ఎలా చూడాలి

రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక ఈజిప్టు గుడి ముందు గంటన్నర కూర్చున్నాను. దానిని డెండూర్ గుడి అంటారు. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలంలో, ఇప్పటికి దాదాపు రెండు వేల ఏళ్ల కిందట, నైలు నది ఒడ్డున ఐసిస్ దేవత పేరిట కట్టినది. ఇప్పుడు ఒక పక్కంతా గాజు గోడ ఉన్న పెద్ద హాలులో, ఎత్తైన రాతి అరుగు మీద నిలబడి ఉన్నది. దాని ముందు నైలుకు గుర్తుగా ఒక కొలను కట్టి నీళ్లు నింపారు. మా అమ్మాయి ఫొటోలు తీసుకోవడం ముగించి, చూడవలసిన గదులు ఇంకా చాలా ఉన్నాయని తొందరపెట్టింది. "ఏముంది నాన్నా ఇందులో అంతసేపు చూడటానికి? మన ఆలంపురంలో ఇంతకన్నా మంచి గుళ్లు లేవా?" అన్నది. ఉన్నాయి. శిల్పం కోసమే అయితే పది నిమిషాల్లో లేచేవాడినే. నన్ను కూర్చోబెట్టింది ఆ కొలను. నదిని పోగొట్టుకొని వచ్చిన దేవతకు ఎవరో నాలుగు బిందెల నీళ్లు తెచ్చి వాకిట్లో పోసినట్టు కనిపించింది.

మా అమ్మ పుట్టింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో. శ్రీశైలం జలాశయంలోకి నీళ్లు ఎక్కిన 1981లో ఆ ఊరు ఖాళీ అయింది. అప్పుడు నాకు పదేళ్లు. ఊళ్లోని శివాలయాన్ని రాయికి రాయి విప్పి, ప్రతి రాయి మీద నంబరు వేసి, లారీల మీద మిట్టకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మా అమ్మమ్మ ఇంటికి నంబరు వేసినవాళ్లు ఎవరూ లేరు. వాసాలు, తలుపులు, రెండు గాబులు, ఒక రోలు బండి మీద వచ్చాయి. గోడలు అక్కడే ఉండిపోయాయి.

అప్పటి నుంచో ఏమో, తన చోటు నుంచి కదిలిన కట్టడం ఎక్కడ ఉన్నదని తెలిసినా వెళ్లి చూడాలనిపిస్తుంది. ఇన్నేళ్లుగా చూసినవాటిని బట్టి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటి ఉన్నది. ఆనకట్టకో గనికో దారి ఇచ్చి పక్కకు జరిగిన గుళ్లను, గోపురాలను పర్యాటకులు మామూలు కట్టడాలను చూసినట్టే చూసి వెళ్లిపోతున్నారు. అది సగం చూపు. కట్టడం కదిలినా దాని చోటు కదలదు. ఆ చోటు ఏది, అక్కడ దీనితోపాటు ఇంకెవరు ఉండేవారు, వాళ్లు ఎక్కడికి పోయారు అని అడగకుండా తిరిగి వచ్చినవాడు రాళ్లను చూసి వచ్చినట్టే తప్ప గుడిని చూసి వచ్చినట్టు కాదని నా వాదన.

ఈ రకం కట్టడాలలో లోకానికంతా తెలిసినది అబూ సింబెల్. మూడు వేల రెండు వందల ఏళ్ల కిందట రెండవ రామ్సెస్ అనే ఫారో నైలు ఒడ్డున ఉన్న ఇసుకరాతి కొండను తొలిపించి రెండు గుళ్లు చేయించాడు. పెద్ద గుడి ముఖాన తనవే నాలుగు విగ్రహాలు, ఒక్కొక్కటి 20 మీటర్ల ఎత్తున, కూర్చున్న భంగిమలో చెక్కించుకున్నాడు. చిన్న గుడి రాణి నెఫర్తారి పేరు మీద ఉన్నది. 1960లో ఆస్వాన్ హై డ్యామ్ పని మొదలైనప్పుడు ఈ రెండూ మునుగుతాయని తేలింది. అదే ఏడాది యునెస్కో ప్రపంచ దేశాలను సహాయం అడిగింది. ఎన్నో ఉపాయాలు వచ్చాయి. గుడిని నీళ్లలోనే ఉంచి, చుట్టూ గోడ కట్టి లోపల తేట నీళ్లు నింపి, నీటి అడుగు గదుల నుంచి జనం చూసేలా చేద్దామని ఒకరు అన్నారు. మొత్తం కొండను జాకీలతో పైకి లేపుదామని ఇంకొకరు అన్నారు. చివరికి కోయడమే ఖాయమైంది. 1964 నుంచి 1968 దాకా, వెయ్యికి పైగా ముక్కలుగా, చాలా వాటిని 20 నుంచి 30 టన్నుల బరువు వచ్చేలా కోసి, పాత చోటు కన్నా 65 మీటర్లు పైకి, దాదాపు 200 మీటర్లు వెనక్కి తీసుకుపోయి అతికించారు. కోస్తున్నప్పుడు పైనుంచి రాళ్లు పడి విగ్రహాలు చెడిపోకుండా వాటి ముందు ఇసుక గుట్టగా పోశారు. బయటికి కనిపించే ముఖాల దగ్గర యంత్రాలను వాడకుండా చేతి రంపాలతో సన్నగా కోశారు. ఇప్పుడు మనకు కొండలా కనిపించేది కొండ కాదు. లోపల కాంక్రీటు గుమ్మటం కట్టి, దాని మీద రాళ్లు, ఇసుక కప్పారు.

ఎడమ నుంచి రెండో విగ్రహానికి తల లేదు. గుడి కట్టిన కొంత కాలానికే వచ్చిన భూకంపంలో పై భాగం విరిగి పాదాల ముందు పడింది. గుడిని తరలించినవాళ్లు ఆ తలను ఎత్తి మెడ మీద పెట్టగలిగేవాళ్లే. అయినా పెట్టలేదు, పాత చోట ఎలా పడి ఉన్నదో కొత్త చోట కూడా అలాగే నేల మీద పెట్టారు. ఆ పనితనానికి నేను దండం పెట్టాను. మరమ్మతు పేరు మీద పాత గుడికి సున్నం, ఆయిల్ పెయింటు పూసి, కొత్త తలలు అతికించే మన అలవాటు గుర్తుకు వచ్చి సిగ్గు కూడా వేసింది.

వెలుగు సంగతి ఇంకా గొప్పది. ఏటా ఫిబ్రవరిలో ఒక రోజు, అక్టోబరులో ఒక రోజు పొద్దుటి ఎండ వాకిలి గుండా 60 మీటర్ల లోపలికి పోయి గర్భగుడిలోని నాలుగు మూర్తులలో మూడింటి మీద పడుతుంది. నాలుగో మూర్తి చీకటికి సంబంధించిన ప్తా దేవుడు కాబట్టి ఆయన నీడలోనే ఉంటాడు. తరలించినప్పుడు దిక్కును చాలా జాగ్రత్తగా కాపాడారు గాని, ఇప్పుడు ఆ వెలుగు ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న వస్తుంది. తరలింపుకు ముందు ఒక రోజు తేడా ఉండేదని అక్కడివాళ్లు చెబుతారు. నల్లగొండవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం వెనుక గోడ మీద కదలకుండా నిలిచే స్తంభపు నీడ ఒక్క స్తంభం చేసే పని కాదు. మూడు గర్భగుళ్లు, వాటి మధ్య మండపం, స్తంభాల వరుస, అన్ని వైపుల నుంచి చెదిరి వచ్చే వెలుగు కలిసి దానిని చేస్తాయి. ఆ గుడిని విప్పి రెండు ఫర్లాంగుల అవతల పెట్టవలసి వస్తే ఎన్ని రాళ్లకు నంబర్లు వేసినా చాలదు, ఆకాశానికి కూడా నంబరు వేయాలి.

మమ్మల్ని అబూ సింబెల్‌కు తీసుకుపోయిన టూరువాళ్లు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆస్వాన్‌లో లేపి, 280 కిలోమీటర్లు ఎడారిలో బస్సులో తీసుకుపోయి, అక్కడ గంటన్నర మాత్రమే ఇచ్చారు. గైడు మంచివాడు. అంకెలన్నీ చెప్పాడు. పాత చోటు ఎక్కడ అని అడిగితే మాత్రం నీళ్ల వైపు చేయి చూపించి ఊరుకున్నాడు. ఆ నీళ్ల కింద గుడి స్థలం ఒక్కటే లేదు. ఈజిప్టులో, సూడాన్‌లో కలిపి లక్ష మంది వరకు నూబియన్లు, అంటే ఆ నది ఒడ్డు ప్రాంతపు జనం, ఆ డ్యామ్ వల్ల ఊళ్లు విడిచారు. ఈజిప్టు వైపువాళ్లను కోమ్ ఓంబో దగ్గరికి, సూడాన్‌లోని వాదీ హల్ఫా వైపువాళ్లను ఎన్నో వందల కిలోమీటర్ల దూరంలో కొత్తగా కట్టిన కాలనీలకు పంపారు. ఖర్జూర తోటలను, నది వైపు తలుపులు తీసి ఉండే ఇళ్లను, పూర్వీకుల గోరీలను విడిచిపోయినవాళ్లు వాళ్లు. ఆ సాయంత్రం ఆస్వాన్‌లో ఒక టీ కొట్టు నడిపే పెద్దాయన, తన తాత ఊరు ఎక్కడని గైడు ద్వారా అడిగితే, బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసును వేలితో తట్టాడు. నాకు అనువాదం అక్కర లేకపోయింది.

గుళ్లను దేశాలు పంచుకున్నాయని కూడా చెప్పాలి. సహాయం చేసినందుకు ఈజిప్టు కొన్ని చిన్న గుళ్లను కానుకగా ఇచ్చింది. డెండూర్ 642 రాళ్లుగా అమెరికా చేరి 1978 నుంచి ఆ గాజు హాలులో ఉన్నది. డెబోద్ గుడి స్పెయిన్‌కు పోయి, 1972 నుంచి మాడ్రిడ్‌లోని ఒక పార్కులో ఉన్నది. అక్కడ సాయంత్రం పూట సూర్యాస్తమయం చూడటానికి జనం గుంపులుగా కూర్చుంటారట. గుళ్లకు పాస్‌పోర్టు అంత తేలికగా దొరికింది.

ఫిలే గుడి కథ మన సంగమేశ్వరానికి అన్నలాంటిది. 1902లో కట్టిన పాత ఆస్వాన్ ఆనకట్ట వల్లనే ఫిలే ద్వీపం ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండేది. యాత్రికులు స్తంభాల మధ్య పడవల మీద తిరిగేవారు. హై డ్యామ్ తరువాత ఏడాది పొడవునా నీళ్లలో ఉండిపోకుండా దాని చుట్టూ తాత్కాలికంగా గోడ కట్టి, నీళ్లు తోడి, బురద కడిగి, దాదాపు 40,000 ముక్కలుగా విప్పి, పక్కనే ఉన్న అగిల్కియా అనే ద్వీపానికి మార్చారు. 1980లో అది మళ్లీ తెరుచుకున్నది. ఫిలేలాగా కనిపించాలని అగిల్కియా ఆకారాన్ని కూడా రాళ్లు కొట్టి మార్చారు. ఈ రోజు అక్కడికి వెళ్లినవాళ్లంతా ఫిలేకు వెళ్లామనే అంటారు, అగిల్కియా పేరు ఎవరి నోటా రాదు. మన సంగమేశ్వరం మాత్రం ఇంకా ఆ పాత ఫిలేలాగానే ఉన్నది. కృష్ణకు అవతలి గట్టున, కర్నూలు వైపు, సప్తనదుల సంగమం అని పిలిచే చోట వేపమొద్దు శివలింగం ఉన్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం నీళ్ల కిందనే ఉండి, ఎండాకాలం నీటి మట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. సోమశిల రేవు నుంచి పడవలో వెళ్లి దర్శించుకునేవాళ్లు మా వైపు ఎందరో ఉన్నారు. ముందు శిఖరం, తరువాత మండపం, తరువాత మెట్లు తేలుతాయి. పూజారి బురద ఎత్తిపోసి దీపం పెడతాడు. తరలించని గుడి తన చోటును తానే కాపలా కాస్తున్నట్టు ఉంటుంది.

తరలించినవాటిలో నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకునేది కూడవెల్లి సంగమేశ్వరాలయం. బాదామి చాళుక్యుల కాలపు గుడి, ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలకు తోబుట్టువు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉండేది కాబట్టే లోపలి దేవుడు సంగమేశ్వరుడు. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు దానిని విప్పి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. పని బాగా చేశారు. రేఖానాగర శిఖరం, ఎత్తైన పీఠం, చుట్టూ ప్రాకారం, గోడల మీది బొమ్మలు చూస్తే అతుకు కనిపెట్టడం కష్టం. కాని ఇప్పుడు ఆ దేవుడు సంగమం లేని సంగమేశ్వరుడు. పేరు ఒక చోటుకు చీటీ రాసి ఇచ్చింది, చోటు మాత్రం నీళ్ల పాలైంది. వెళ్లినవాళ్లలో ఎందరు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, సంగమం ఏదని అడుగుతున్నారో చూడాలని ఒక ఆదివారం ప్రాకారం నీడలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క కుర్రవాడు అడిగాడు, అది కూడా స్నానానికి.

ఆలంపురంలో ఉన్న నవబ్రహ్మ ఆలయాలను కదిలించకుండా, బ్యాక్‌వాటర్ రాకుండా కట్ట కట్టి కాపాడారు. అయినా 2009 అక్టోబరు వరదలలో తుంగభద్ర ఊళ్లోకే వచ్చింది. నదికి పాత జ్ఞాపకం పోదు. అందుకే ఆలంపురం వెళ్లినవాళ్లకు నా సలహా, బాల బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ ఆలయాలు చూశాక వెంటనే జోగులాంబ గుడి క్యూలోకి పోకుండా ముందు కట్ట ఎక్కమని. ఏది కదిలింది, ఏది నిలిచింది, ఏది కట్ట చాటున తలదాచుకున్నది అన్న లెక్క అక్కడి నుంచి తేటగా తెలుస్తుంది.

నాగార్జునకొండ సంగతి వేరే రకం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఒక లోయలో ఉండేది. 1926లో దాని జాడ దొరికింది. 1955 డిసెంబరులో నెహ్రూ సాగర్ డ్యామ్‌కు పునాది రాయి వేసేనాటికి పురావస్తు శాఖవాళ్లు లోయలో గడువు పెట్టుకొని తవ్వుతున్నారు. 1954 నుంచి 1960 దాకా ఆ పని సాగింది. స్తూపాలు, విహారాలు, స్నాన ఘట్టాలు, మెట్ల మెట్ల రంగస్థలం బయటపడ్డాయి. అన్నిటినీ తెచ్చే వీలు లేదు. ఏరి ఏరి కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకు చేర్చి, మరికొన్నిటికి నమూనాలు కట్టారు. సరిగ్గా ఎదుటి గట్టున, మన నల్లగొండ జిల్లా వైపు ఏలేశ్వరం కూడా అలాగే తవ్వి, రాసుకొని, నీళ్లకు అప్పగించారు. ఇక్కడ యాత్రికులు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. లాంచీలో గంట ప్రయాణాన్ని దారి ఖర్చుగా లెక్కవేసి, పల్లీలు తింటూ, పాటలు పెట్టుకుంటూ, ద్వీపం చేరాక నాగార్జునకొండ చూస్తున్నామని అనుకుంటారు. ద్వీపం అనేది ఒకప్పటి కొండ నెత్తి మాత్రమే. పట్నం ఉన్నది లాంచీ కింద. మ్యూజియంలోని పలనాటి సున్నపురాతి శిల్పాలు ఎంత అందంగా ఉన్నా, అసలు విజయపురి మీదుగా మనం ఆ గంటసేపూ తేలుతూ వచ్చాము.

ఇదంతా విన్న మా బావమరిది ఒకసారి నన్ను గట్టిగానే నిలదీశాడు. వాళ్లది మిర్యాలగూడ దగ్గరి పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద భూమి. "బావా, 1967లో కాలువకు నీళ్లొచ్చేదాక మా తాత మెట్ట జొన్నలు తిన్నడు. నీళ్లొచ్చినంక వరన్నం తిన్నం. నువ్వు తింటున్న బియ్యం కూడ అవే. ఇప్పుడు మునిగిన గుడి కోసం ఏడుస్తవా?" అన్నాడు. సమాధానం చెప్పడం కష్టమైన మాట. అమ్మ వైపు నుంచి నేను ముంపువాడిని, అత్తగారి వైపు నుంచి ఆయకట్టువాడిని. పైగా ఆ డ్యాములలో రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు లేబర్ ఎందరో లెక్క లేదు. వాళ్ల పొలాలకు మాత్రం అప్పట్లో చుక్క రాలేదు. డ్యాములు కట్టకుండా ఉండవలసిందని నేను అనడం లేదు. గుడిని నీళ్లలో వదిలేయవలసిందని అంతకన్నా అనను. అబూ సింబెల్‌ను కోసినవాళ్లు చేసింది మహాకార్యం. నా అభ్యంతరం ఆ తరువాత చెప్పే కథ మీద. కాపాడాము అన్న మాట దగ్గర కథ ఆగిపోతుంది. నేను చూసిన అలాంటి ఒక చోట గోడ మీది పలకలో ఎన్ని టన్నులు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని ఉన్నది గాని, ఆ గుడిలో దీపం పెట్టిన ఊరి పేరు లేదు. బావమరిదికి చివరికి ఇంతే చెప్పాను: నీ బియ్యం మీద నాకు కోపం లేదు, అవి ఏ ఊరి మీదుగా వచ్చాయో రాసి పెట్టమంటున్నాను.

ఆ రాసి పెట్టడం రాతపలకతోనే జరగాలని ఏమీ లేదు. ఇటలీ ఉత్తర సరిహద్దులో గ్రౌన్ అనే ఊరు 1950లో జలాశయంలో మునిగింది. ఇళ్లన్నీ కూల్చేశారు గాని 14వ శతాబ్దపు చర్చి గంట గోపురాన్ని నీళ్ల మధ్యలో అలాగే వదిలేశారు. చలికాలంలో సరస్సు గడ్డ కడితే జనం దాని దాకా నడిచి పోతారు. చూడటానికి పోయిన ప్రతివాడూ ఊరు ఎక్కడ అని అడిగి తీరుతాడు, గోపురమే అడిగిస్తుంది. చెక్ దేశంలోని మోస్త్ పట్నంలో కథ ఇంకోలా నడిచింది. నేల కింద బొగ్గు కోసం పాత పట్నాన్నంతా పడగొట్టి, చర్చిని ఒక్కదాన్ని మాత్రం 1975లో పట్టాల మీద 841 మీటర్లు జరిపారు. ఇంజనీర్లకు అది చెప్పుకోదగిన ఘనత. పట్నం లేని పట్నపు చర్చి ఎంత ఒంటరిగా ఉంటుందో ఆలోచించండి. టర్కీలోని హసన్‌కేఫ్‌లో 15వ శతాబ్దపు జెయ్‌నెల్ బే సమాధిని 2017లో విప్పకుండా, మొత్తంగా చక్రాల బండ్ల మీద ఎత్తుకుపోయారు; తరువాత కొన్నేళ్లకే టిగ్రిస్ ఒడ్డున ఉన్న ఆ పాత పట్నంలో చాలా భాగం నీళ్ల కిందికి పోయింది.

అందువల్ల వెళ్లేవాళ్లకు నేను చెప్పేది కొంచెం పని పెంచే మాట. అబూ సింబెల్ పోతే పరుగున వచ్చి పోకుండా ఒక రాత్రి అక్కడే ఉండండి. బస్సులన్నీ పోయాక నీళ్ల ఒడ్డున నిలబడితే గుడి ఎటు చూస్తున్నదో, దేనిని చూస్తున్నదో తెలుస్తుంది. సాగర్ పోతే అనుపును వదలకండి, అక్కడి రంగస్థలం మెట్ల మీద కూర్చొని నీళ్ల వైపు చూడండి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల సోమేశ్వరాలయం కూడా ముంపు నుంచి లేచి వచ్చినవే. కొల్లాపూర్ నుంచి ఒక్క రోజులో రెండూ చూడవచ్చు. పూజారినో, రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లనో పాత ఊరు ఎటు అని అడగండి. చాలామంది పని ఆపి మరీ చెబుతారు. ఎవరి వాకిలి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ, పీర్ల చావిడి ఎక్కడ అని గీతలు గీసి చూపిస్తారు.

మా అమ్మ బతికి ఉన్నంత కాలం ఏటా శివరాత్రికి మా అమ్మమ్మ ఊరి గుడికి, అంటే మిట్ట మీదికి తెచ్చి నిలబెట్టిన ఆ గుడికి, తీసుకుపోమనేది. లోపల కొబ్బరికాయ కొట్టించి, మూడు ప్రదక్షిణలు చేసి, బయటికి వచ్చాక గుడికి వీపు పెట్టి కృష్ణ వైపు తిరిగి ఇంకోసారి దండం పెట్టేది. అదేమిటని చిన్నప్పుడు అడిగితే, "గుడి ఇక్కడికి వచ్చింది గని, సామి వచ్చిండో లేదో ఎవలు చూసిండ్రు?" అన్నది. న్యూయార్క్‌లో ఆ కొలను పక్కన కూర్చున్నప్పుడు ఈ మాట మా అమ్మాయికి చెప్పాను. తను ఫోను తీసి, డెండూర్ మొదట ఉన్న చోటును మ్యాపులో వెతికింది. స్క్రీను నిండా నీలం రంగు. ఏమీ అనకుండా వేలితో జరుపుతూ పోయి, సోమశిల దగ్గర కృష్ణ మలుపు తెరిచి, నానమ్మ ఊరు ఇందులో ఎక్కడ నాన్నా అని ఫోను నా చేతికి ఇచ్చింది.